పతకం ఒకరిది, సంబరం రాష్ట్రమంతటిదీ ఎలా అవుతుంది?

మీరు అడిగినవి రెండు. మీ ఆఫీసులో పక్క సీటు మిజోరం కుర్రాడు, 2025 మే 20న తమ రాష్ట్రాన్ని సంపూర్ణ అక్షరాస్యత సాధించిన రాష్ట్రంగా ప్రకటించారని ఫ్లోరంతా స్వీట్లు పంచాడు. చదువు చెప్పినవాళ్లు వేరు, నేర్చుకున్నవాళ్లు వేరు, బెంగళూరులో కోడింగ్ చేసుకునే ఇతను అంతలా పొంగిపోవడానికి ఇతను చేసిందేమిటి అన్నది మొదటి ప్రశ్న. ఇలాంటి పేరు వచ్చినందువల్ల ఆ రాష్ట్రానికి ఒరిగేదేమైనా ఉందా, లేక నాలుగు రోజుల ముచ్చటేనా అన్నది రెండోది.

నేను వెయిట్‌లిఫ్టింగ్ మనిషిని. విజయనగరం జిల్లాలో కోచ్‌గా మొదలుపెట్టి, తర్వాత జాతీయ పోటీల్లో టెక్నికల్ అఫీషియల్‌గా చాలాకాలం తిరిగాను. మా ఆటలో మణిపూర్, మిజోరం, అస్సాం వాళ్లతో రోజూ భుజం భుజం రాసుకోవాల్సిందే. కాబట్టి సమాధానం ఎక్కువగా ఆటల వైపు నుంచే వస్తుంది, సర్దుకోండి.

మొదటి ప్రశ్నకు జవాబు జనాభా లెక్కల్లో ఉంది. 2011లో మిజోరం జనాభా 10.97 లక్షలు. మా పాత ఉమ్మడి విజయనగరం జిల్లాదే 23 లక్షల పైచిలుకు. అంటే మా ఒక్క జిల్లాలో సగం మంది కూడా ఆ రాష్ట్రంలో లేరు. లోక్‌సభలో ఒకే ఒక్క సీటు. ఇప్పుడు అక్షరాస్యత సంగతి చూడండి. పెద్దవాళ్లకు చదువు నేర్పే కేంద్ర పథకం ఉల్లాస్ కింద 2023లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తే చదవడం, రాయడం రానివాళ్లు 3,026 మంది తేలారు. అందులో నేర్చుకుంటామని ముందుకొచ్చినవాళ్లు 1,692 మంది. వాళ్లకు నేర్పడానికి 292 మంది వాలంటీర్లు. పెద్ద రాష్ట్రంలో ఈ అంకెలు ఒక మండలానికి కూడా చాలవు. అక్కడ మాత్రం ఈ 292 మందిలో ఎవరో ఒకరు మీ కుర్రాడికి మేనత్తో, చర్చిలో పక్క బల్ల మీద కూర్చునే మనిషో, బళ్లో పాఠం చెప్పిన టీచరో అయ్యే అవకాశం బాగా ఎక్కువ. మనం తెలుగువాళ్లం ఎనిమిది కోట్ల పైన ఉన్నాం. మనలో ఒకరు గెలిస్తే టీవీలో చూసి చప్పట్లు కొడతాం. వాళ్లకు గెలిచినవాళ్ల ఇల్లు ఎక్కడో తెలుసు. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి 'తానేం చేశాడని' అడిగితే ప్రశ్నే తప్పుగా పడుతుంది.

దీన్ని దగ్గర్నుంచి చూసిన ఒక సందర్భం చెబుతాను. ఒక జాతీయ జూనియర్ పోటీల్లో నేను వార్మప్ హాల్ మార్షల్‌గా ఉన్నాను. పెద్ద రాష్ట్రాల జట్లకు కోచ్ వేరు, మేనేజర్ వేరు, మసాజ్ చేసేవాడు వేరు. మిజోరం పిల్లవాడితో వచ్చింది ఒకే ఒక్క మనిషి. ఆయనే ప్లేట్లు ఎక్కిస్తాడు, ఆయనే పిల్లాడి తొడలు పిసుకుతాడు, ఆయనే పరిగెత్తుకొచ్చి మార్షల్ టేబుల్ దగ్గర అటెంప్ట్ కార్డు మీద బరువు మార్చి సంతకం పెడతాడు. మా ఆటలో వార్మప్ అంటే లెక్క. స్టేజీ మీద ఇంకెన్ని లిఫ్టులు అయితే మనవాడి వంతు వస్తుందో లెక్కపెట్టుకుంటూ, దానికి తగ్గట్టు లోపల బరువు పెంచుకుంటూ పోవాలి. ఆ లెక్క ఒక్కడే చూసుకుంటూ ఇవన్నీ చేయడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. పిల్లాడు క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే బార్‌ను ముందు భుజాల మీదికీ అక్కడి నుంచి తలపైకీ ఎత్తే లిఫ్టులో, రెండో అటెంప్ట్ లేపి తలపైన నిలబెట్టాడు, ముగ్గురు రిఫరీలూ సరే అన్నట్టు మూడు తెల్ల లైట్లూ వెలిగాయి. హాల్లో చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? తమ వంతు అయిపోయి అన్నాలు తింటున్న మణిపూర్ అమ్మాయిలు, అరుణాచల్ వాళ్లు. ప్లేట్లు పక్కనపెట్టి లేచి నిలబడ్డారు. పతకం రాలేదు, నాలుగో స్థానమో ఏదో. అయినా ఆ కోచ్ ఫోన్ తీసి వాళ్ల ఊరికి చేశాడు. సాయంత్రం ఊళ్లో మైకులో చెబుతారట. యంగ్ మిజో అసోసియేషన్ అని 1935 నుంచి ఉన్న సంఘం వాళ్లది. ఊళ్లో ఎవరైనా పోతే గొయ్యి తవ్వేదీ, ఆ ఇంట్లో రాత్రంతా కూర్చునేదీ ఆ సంఘం కుర్రాళ్లే. కష్టానికి వచ్చే మనుషులే సంబరానికీ వస్తారు, అంతే. అందులో వింతేముంది?

హాకీ అమ్మాయి లాల్‌రెమ్‌సియామి పేరు మీరు వినే ఉంటారు. కొలాసిబ్ ఆమెది. 2019 జూన్‌లో జపాన్‌లోని హిరోషిమాలో టోర్నమెంటు సెమీఫైనల్‌కు ముందు తండ్రి పోయారన్న కబురు వచ్చింది. ఆమె వెనక్కి రాలేదు, ఆడింది. జట్టు గెలిచాకే ఇల్లు చేరింది. తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో ఆడి, మిజోరం నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన మొదటి మహిళ అయింది. దేశంలో చాలామందికి కొలాసిబ్ అనే ఊరుందని ఆ వారమే తెలిసింది. ఆమె తిరిగి వచ్చిన రోజు ఆ ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చిందంటే, దాన్ని పరామర్శ అనాలో స్వాగతం అనాలో నాకైతే తెలియదు.

ఇంకో కోణం ఉంది. మీకు అనుభవం లేదు కాబట్టి మీ ప్రశ్నలో అది లేదు. మిమ్మల్ని ఎవరూ 'మీది ఏ దేశం' అని అడిగి ఉండరు. ఈశాన్యం నుంచి వచ్చినవాళ్లను హైదరాబాదులో, బెంగళూరులో, ఢిల్లీలో ఈ ప్రశ్న రోజూ అడుగుతారు. చైనానా, నేపాలా అని. 2012 ఆగస్టులో పుకార్లకు భయపడి వేలమంది బెంగళూరు స్టేషన్లో గువాహటి రైళ్లెక్కి వెళ్లిపోయారు. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నీడో తానియాను కొడితే ప్రాణమే పోయింది. ఆ తర్వాతే ఈశాన్యం వాళ్ల ఇబ్బందులు చూడటానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. ఇలాంటి బతుకులో ఉన్నవాడికి పేపరు మొదటి పేజీలో తన రాష్ట్రం పేరు, అదీ మంచి విషయానికి, కనబడితే ఏమవుతుంది? కనీసం కొన్నాళ్లు తన గురించి తాను మొదట్నుంచీ చెప్పుకోవాల్సిన పని తప్పుతుంది. 'మిజోరమా? ఓ, అందరూ చదువుకున్న రాష్ట్రం కదా' అని అవతలివాడే అంటాడు. స్వీట్ల డబ్బా ఖర్చు దానికి ఎక్కువేం కాదు.

అయితే దీనిలో ఒక చేదు కూడా ఉంది, వాళ్లే చెబుతారు. పతకం తెచ్చిన రోజు భారత పుత్రిక, మర్నాడు మెట్రోలో మళ్లీ 'చింకీ' అనే వెక్కిరింత. ఆ ఫిర్యాదు నిజమే. గర్వపడేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలుసు. తెలిసే గర్వపడతారు.

ఇక మణిపూర్. మా ఆటకు అది పుట్టిల్లు లాంటిది. 1989లో కుంజరాణి దేవి ప్రపంచ పోటీల్లో వెండి పతకాలు తెచ్చేనాటికి ఆడపిల్లలు బరువులెత్తడం ఏమిటని మన దగ్గర నోళ్లు నొక్కుకునేవారు. ఆమె వేసిన దారిలోంచే మీరాబాయి చాను వచ్చింది. నోంగ్‌పోక్ కాక్‌చింగ్ అనే పల్లె. ఇంఫాల్‌లోని ఖుమన్ లంపాక్ స్టేడియానికి 20 కిలోమీటర్ల పైనే. రోజూ బస్సు డబ్బులు పెట్టుకునే స్తోమత లేక ఇసుక లారీలెక్కి వెళ్లేది. 2016 రియోలో క్లీన్ అండ్ జెర్క్ మూడు అటెంప్టులూ పోయి, రెండు లిఫ్టులూ కలిపి చూసే టోటలే నమోదు కాలేదు. ఆ రాత్రి ఎవరూ సంబరం చేసుకోలేదు. మరుసటి ఏడాది అనాహైమ్‌లో 194 కిలోలతో ప్రపంచ విజేత. 2021 జులై 24న టోక్యోలో ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 87, క్లీన్ అండ్ జెర్క్‌లో 115, మొత్తం 202 కిలోలు, వెండి పతకం. ఇంటికొచ్చాక ఆమె చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. తనను ఎక్కించుకుని దించిన లారీ డ్రైవర్లను, హెల్పర్లను వెతికించి, దాదాపు 150 మందిని ఇంటికి పిలిచి భోజనం పెట్టి, తలా ఒక చొక్కా, మణిపురి కండువా ఇచ్చింది. ఇప్పుడు చెప్పండి, 'ఆ పతకంలో నా చెయ్యి ఉంది' అని ఒక ఇసుక లారీ డ్రైవర్ అంటే మీరు కాదంటారా?

మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఆ భోజనంలోనే ఉంది. పేరు రాకముందు ఎవరెవరు మోశారో తెలిసిన ఊరికి గర్వపడే హక్కు ఉంటుంది. పేరు వచ్చాక ఫ్లెక్సీ కట్టినవాడి సంగతి వేరు.

మన దగ్గర కూడా చూశాం. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. శ్రీకాకుళం జిల్లా అంటే అప్పటిదాకా వలసలు, తుపాన్లు. ఆ రోజు నుంచి ఆమదాలవలస పేరు దేశం నోట్లో నానింది. ఎంతమంది ఫ్లెక్సీల్లో ఆమె పక్కన తమ ముఖాలు వేసుకున్నారో లెక్కలేదు. ఆమెకు బార్ పట్టుకోవడం నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారి పేరు మాత్రం ఈ రంగంలో ఉన్నవాళ్లకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. పెళ్లయ్యాక ఆమె హర్యానాలో స్థిరపడింది, యమునానగర్‌లో అకాడమీ పెట్టింది. హర్యానావాళ్లు మా కోడలంటారు, మనం మా ఆడపడుచంటాం. ఇద్దరూ అనొచ్చు, పోట్లాట అక్కర్లేదు. కానీ మన పిల్లలకు అందాల్సిన ఆమె అనుభవం అక్కడి పిల్లలకు అందింది. ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి మరి.

ఇంక రెండో ప్రశ్న, ఏం ఒరుగుతుంది అన్నది. ఇక్కడ నేను అంత ఉత్సాహంగా మాట్లాడలేను.

కొన్ని వెంటనే వస్తాయి. టోక్యోలో లవ్లీనా బొర్గొహైన్‌కు బాక్సింగ్ పతకం ఖాయం కాగానే అస్సాంలోని ఆమె ఊరు బారోముఖియాకు రోడ్డు పని మొదలైంది. వర్షం పడితే బురదలో దిగబడే ఊరది. ఒక పతకానికి ఒక రోడ్డు. మంచిదే. పక్క ఊళ్లో బాక్సర్ లేకపోతే వాళ్ల రోడ్డు మాటేమిటి అని మాత్రం అడగకూడదు!

త్రిపుర సంగతి ఇంకా తమాషా. అగర్తలా జిమ్నాస్ట్ అమ్మాయి దీపా కర్మాకర్, కోచ్ విశ్వేశ్వర్ నంది. మొదట్లో పాత స్కూటర్ విడిభాగాలతో తయారుచేసుకున్న సరంజామా మీద వాల్ట్, అంటే పరిగెత్తుకొచ్చి బల్ల మీద చేతులానించి గాల్లోకి ఎగిరి దిగే విన్యాసం, నేర్చుకుంది. ప్రొడునోవా అని, గాల్లో ముందుకు రెండు పల్టీలు కొట్టి దిగే వాల్ట్ ఒకటి ఉంది. మెడ విరిగే ప్రమాదం ఉందని ప్రపంచంలో పెద్దపెద్ద వాళ్లే దాని జోలికి పోరు. 2016 ఆగస్టు 14న రియో ఫైనల్లో దాన్నే వేసి 15.066 సాధించింది. కంచు 0.150 తేడాతో తప్పింది, నాలుగో స్థానం. అయినా దేశం మొత్తం నెత్తిన పెట్టుకుంది. అదే నెలలో మన హైదరాబాదులోనే, సింధు, సాక్షి మలిక్, గోపీచంద్‌తో పాటు దీపాకూ సచిన్ చేతుల మీదుగా బీఎండబ్ల్యూ తాళాలు ఇచ్చారు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. తీరా చూస్తే అగర్తలాలో ఆ కారుకు సర్వీసింగ్ సెంటరే లేదు, వాళ్ల వీధుల్లో అది తిరగదు. చివరికి కారుకు బదులు డబ్బు తీసుకుని, అక్కడ సర్వీసింగ్ దొరికే కారు కొనుక్కుంది. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే, తప్పు పట్టను. కానీ దూరంగా ఉన్న రాష్ట్రాన్ని దేశం ఎలా గుర్తిస్తుందో ఆ కారు సంగతి చూస్తే తెలిసిపోతుంది. సన్మానం చేసేవాడికి సన్మానం పొందేవాడి వీధి ఎంత వెడల్పో తెలియదు.

ఆ తర్వాత దీపాకు మోకాలి ఆపరేషన్లయ్యాయి, డోప్ పరీక్షలో దొరికి 21 నెలలు నిషేధం పడింది. అప్పుడు నెత్తిన పెట్టుకున్నవాళ్లెవరూ కనబడలేదు. 2024 మేలో తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ వాల్ట్‌లో బంగారం గెలిచింది. ఏ భారతీయ జిమ్నాస్టూ అంతకుముందు గెలవనిది. మీరు ఆ వార్త చూశారా? నిజం చెప్పండి. అగర్తలాలో చూశారు. ఆ ఏడాదే ఆమె ఆట ఆపేసింది.

సిక్కిం గురించి రెండు మాటలే చెబుతాను, అది నా రంగం కాదు. 2003లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువులు, పురుగుమందులు వదిలేస్తామని నిర్ణయించుకుంది. 2016 జనవరిలో గ్యాంగ్‌టక్‌లో ప్రధాని పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించారు. 2018లో రోమ్‌లో ఫ్యూచర్ పాలసీ అవార్డు కూడా వచ్చింది. పేరు ప్రపంచమంతా పాకింది. కానీ పేరు వచ్చాక దాన్ని నిలబెట్టుకోవడానికి బయటి కూరగాయలు కొన్నింటిని రానివ్వకుండా ఆపితే, ధరలు పెరిగాయని గొణిగింది కూడా సిక్కిం జనమే. గర్వానికి బిల్లు ఎప్పుడూ స్థానికులే కడతారు.

నాకు బాగా గుచ్చుకునేది మాత్రం ఐజ్వాల్ ఫుట్‌బాల్ క్లబ్ కథ. 2015-16 సీజన్లో, అప్పట్లో దేశంలో మొదటి మెట్టు ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐ-లీగ్ నుంచి కిందికి జారిపోయిన జట్టు. గోవా క్లబ్బులు లీగ్‌ను వదిలేయడంతో ఖాళీ వచ్చి మళ్లీ చోటు దొరికింది. ఎవరికీ పట్టని జట్టు, ఎక్కువమంది స్థానిక కుర్రాళ్లే, కోచ్ ఖాలిద్ జమీల్. 2017 ఏప్రిల్ 22న ఐజ్వాల్‌లో మోహన్ బగాన్‌ను 1-0తో కొట్టారు. 83వ నిమిషంలో జోమింగ్‌లియానా రాల్టే తలతో కొట్టిన గోల్. ఇక చివరి మ్యాచ్ ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో, అక్కడి క్లబ్బు లాజోంగ్‌తో. టైటిల్‌కు డ్రా చేస్తే చాలు. తొమ్మిదో నిమిషంలోనే గోల్ ఇచ్చుకున్నారు. మోహన్ బగాన్ వందేళ్లు దాటిన క్లబ్బు, వెనకాల కోల్‌కతా మొత్తం ఉంది. అవతల మైదానంలో వాళ్లు గెలిచేస్తే అంతా అయిపోయినట్టే. 67వ నిమిషంలో విలియం లాల్‌నున్‌ఫెలా సమం చేశాడు. ఒక్క పాయింటు తేడాతో జాతీయ లీగ్ టైటిల్. ఈశాన్యం నుంచి అది గెలిచిన మొదటి జట్టు. మిజోరం నుంచి కొండదారులు పట్టి అభిమానులు ముందే షిల్లాంగ్ చేరి ఉన్నారు. జట్టు ఇంటికెళ్తుంటే దారి పొడుగునా జనమే.

తర్వాత? కోచ్‌నూ, మిడ్‌ఫీల్డులో ఆడించిన అల్ అమ్నానూ ఆ వేసవిలోనే ఈస్ట్ బెంగాల్ తీసుకెళ్లింది. 2019లో ఐ-లీగ్‌నే రెండో మెట్టుకు దించి, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)ను దేశంలో మొదటి లీగ్ చేశారు. ఛాంపియన్ అయిన క్లబ్బు, ఏ మ్యాచ్ ఓడకుండానే, కింది అంతస్తులోకి వెళ్లిపోయింది. గెలిచినందుకు చప్పట్లు కొట్టిన దేశమే నిచ్చెన తీసేసింది. ఖాలిద్ జమీల్ మాత్రం 2025లో భారత జట్టుకే కోచ్ అయ్యాడు. అది విని ఐజ్వాల్‌లో 'మనవాడే' అనుకుని ఉంటారు. ఆయనది ముంబై. అయినా అనుకునే హక్కు వాళ్లకుంది, ఆయనకు మొదటి పెద్ద టైటిల్ ఇచ్చింది వాళ్లే కదా.

కాబట్టి ఒరిగేది ఏమిటంటే, బయట నుంచి వచ్చేది తక్కువ, అదీ ఎక్కువ కాలం నిలవదు. లోపల జరిగేదే అసలు లాభం. మల్లీశ్వరి గెలిచాక మా వైపు ఆడపిల్లల్ని జిమ్‌కు పంపమని ఇంటింటికీ తిరిగి బతిమాలే పని సగం తగ్గింది. 'పెళ్లవుతుందా, ఒళ్లు గట్టిపడిపోతుందేమో' అనే తల్లులే పొద్దున్నే పిల్లను సైకిలెక్కించి దించి వెళ్లేవారు. మా జిల్లా కొండవెలగాడ పేరు మీరు విని ఉండకపోవచ్చు. మత్స సంతోషిది ఆ ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొదట ఆమెకు కంచు ఇచ్చారు. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో పట్టుబడటంతో అది వెండి అయింది. ఆ ఊళ్లో వెయిట్‌లిఫ్టర్లు లేని వీధి వెతకాలి. ఐజ్వాల్ కుర్రాడు జెరెమీ లాల్‌రిన్నుంగా 2022లో బర్మింగ్‌హామ్‌లో 300 కిలోలతో బంగారం తెచ్చాక మిజోరం నుంచి వచ్చే పిల్లల నడకే మారింది. ఇదివరకు వార్మప్ హాల్లో గోడవారగా నిలబడేవాళ్లు. ఇప్పుడు నేరుగా మధ్య ప్లాట్‌ఫామ్ దగ్గరికి వచ్చి బార్ అందుకుంటున్నారు.

మీ కుర్రాడి రాష్ట్రం గురించి ఒక్కటి చెప్పి ముగిస్తాను, అతనితో మాట్లాడటానికి పనికొస్తుంది. 2011 లెక్కల్లో మిజోరం అక్షరాస్యత 91.33 శాతం ఉన్నప్పుడు, దక్షిణాన ఉన్న లాంగ్‌త్లాయ్ జిల్లాలో అది 66 శాతం దగ్గరే ఉంది. అంటే దేశానికి మిజోరం ఎంత దూరమో, ఐజ్వాల్‌కు లాంగ్‌త్లాయ్ అంత దూరం. ఇప్పుడు ప్రకటించిన 98.2 శాతం రాష్ట్రం మొత్తం మీద తేలిన సగటు. సంపూర్ణ అక్షరాస్యత అనడానికి కేంద్రం పెట్టుకున్న హద్దు 95. ఆ సగటు కింద లాంగ్‌త్లాయ్ ఇప్పుడు ఎక్కడుందని అడిగి చూడండి. అతను చిన్నబుచ్చుకోడు. నాకు తెలిసిన మిజోలు ఇలాంటి ప్రశ్నకు ఊరి పేర్లతో సహా జవాబు చెబుతారు, గంటసేపు చెబుతారు. కాస్త తీరిక చూసుకుని అడగండి.